మూడో ఆదివారం

మగ్దలేనమ్మ సెలవు అడగాలనుకున్నప్పుడల్లా గిన్నెలు తోమేటప్పుడే అడిగేది. చేతులు పనిలో ఉంటే అడిగింది చిన్నదిగా కనిపిస్తుందని ఆమె నమ్మకం. ఆ గురువారం కూడా పెద్ద కుక్కరులో పీచు తిప్పుతూ, తల ఎత్తకుండానే అంది.

"అమ్మా, వచ్చే ఆదివారం పొద్దటిపూట జర విడిచిపెట్టున్రి. మూడో ప్రకటన ఉన్నది."

మమతారాణి గట్టు దగ్గర నిలబడి మెంతికూర తుంచుతోంది. "మొన్నటి ఆదివారం పోయినవ్. దాని ముంగటి ఆదివారం పోయినవ్. ఇంకా ఒడవలేదా?"

"మూడుసార్లు చదువుతరమ్మా. గిదే ఆఖరుది."

"ఒక్కటే పేరు మూడుసార్లు చదువుడెందుకు? ఒక్కసారి చదివితే ఇనపడదా మీవాళ్ళకు?"

మగ్దలేనమ్మ నవ్వింది. నవ్వవలసిన చోట నవ్వడం ఆ ఇంట్లో ఆమె పనుల్లో ఒకటి.

ఆమె పెద్ద కూతురు షారోన్‌కు బోథ్ ఊరి అబ్బాయి ఫిలిప్‌తో పెళ్ళి కుదిరింది. వాళ్ళ మెథడిస్టు సంఘంలో పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు పాస్టరు ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండని అడుగుతాడు. కరీంనగర్‌లోని ఈ చిన్న సంఘంలో దానికి తోడు ఒక పాత ఆనవాయితీ ఉంది. పేరు చదవగానే పిల్ల తల్లీ తండ్రీ లేచి నిలబడాలి. నోటితో ఏమీ చెప్పనక్కర్లేదు. నిలబడ్డారంటే మనస్ఫూర్తిగా ఇస్తున్నారని. రాలేని పరిస్థితి ఉంటే మగపిల్లవాడి వాళ్ళకు ముందే చెప్పి, సంఘంలో ఒక పెద్దమనిషిని తమ బదులు నిలబెట్టుకోవచ్చు. ఏమీ చెప్పకుండా రాకపోతే మాత్రం ఇష్టం లేదనే అర్థం.

షారోన్ తండ్రి బక్కయ్య చనిపోయి చాలా ఏళ్ళయింది. అందుకని మొదటి రెండు ఆదివారాలూ మగ్దలేనమ్మ ఒక్కతే నీలం చీర కట్టుకుని లేచి నిలబడింది. మూడో ఆదివారం మగపిల్లవాడి వాళ్ళు కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంటారు. ఆరాధన అయ్యాక అందరూ కలిసి చాయ్ తాగి, పెళ్ళి తేదీ పెట్టుకుంటారు.

ఆ రోజు ఆమె తప్పకుండా అక్కడ ఉండాలనడానికి ఇంకో కారణం ఉంది. షారోన్ ఒక బ్యాంకులో కంప్యూటర్ పని చేస్తుంది. పర్మనెంటు కాదు, ఏజెన్సీ ద్వారా. ఆ పని పెట్టించింది అదే బ్యాంకులో ఆఫీసరైన భానుప్రసాద్, అంటే మమతారాణి భర్త. ఇప్పుడు మగ్దలేనమ్మ ఇల్లు ఎక్కువగా ఆ పిల్ల సంపాదన మీదే నడుస్తోంది. పెళ్ళిమాటలు జరిగిన రోజు ఫిలిప్ పెదనాన్న అంబదాస్ చాయ్ గ్లాసు కింద పెడుతూ, "బిడ్డ జీతం తినే తల్లి బిడ్డను అత్తగారింటికి తోలుతదా? ప్రకటన నాడు సూద్దాం, నిలబడుతదో కూసుంటదో" అన్నాడు. అందరూ నవ్వారు. మగ్దలేనమ్మ కూడా నవ్వింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇదంతా ఆమె మమతారాణికి ఒకటికి రెండుసార్లు చెప్పింది. మమతారాణి ఎం.ఏ. చదివిన మనిషి. విన్నది మరిచిపోయే రకం కాదు.

"ఆదివారం మనింటికి ఎవరొస్తున్నరో ఎరుకేనా?" అంది మమతారాణి.

"సారు చెప్పిండు. యూనియన్ పెద్దసారు వస్తుండట."

"ఒక్కడు కాదు, కమిటీ అంతా వస్తున్నది. నువ్వు పోతే ఆ రొట్టెలు ఎవరు కొడుతరు? నేనా?"

భానుప్రసాద్ ఉద్యోగుల సంఘానికి జిల్లా కార్యదర్శి. బ్యాంకులకు వారంలో ఐదే పనిదినాలు ఉండాలని వాళ్ళు చాలాకాలంగా అడుగుతున్నారు. వచ్చే సోమవారం కలెక్టరేట్ ముందు ధర్నా. దానికి ముందురోజు, ఆదిలాబాద్ నుంచి వచ్చే నాయకుడు రాయమల్లుకు తన ఇంట్లో భోజనం పెడతానని భానుప్రసాద్ మాట ఇచ్చాడు. జొన్నరొట్టెలతో భోజనం. అదీ పెనం మీద నుంచి నేరుగా కంచంలోకి వచ్చే రొట్టెలు. చేత్తో రొట్టె కొట్టడం మమతారాణికి రాదు. మగ్దలేనమ్మ కొడితే రొట్టె అంచు ఎక్కడా పగలదు.

ఐదు దినాల మాట ఎత్తితే మమతారాణికి సంతోషం కలిగేది కాదు. రెండో శనివారం, నాలుగో శనివారం ఇప్పటికే సెలవు. ఆ రోజుల్లో భానుప్రసాద్ ఆలస్యంగా లేచేవాడు. చాయ్, టిఫిన్, మళ్ళీ చాయ్, ఎవరో ఒకరు రావడం, మళ్ళీ చాయ్. తక్కిన శనివారాలే ఆమెవి. అతను వెళ్ళాక తలుపు గడియపెట్టి, కాళ్ళు కుర్చీ మీద పెట్టుకుని, రాత్రి మిగిలిన అన్నంలో ఉల్లిగడ్డ కారం కలుపుకుని తినేది. ఎవరికీ కంచం కడిగి ఇవ్వనక్కర్లేని తిండి. అది కూడా పోతుందని ఒకరోజు భర్తతో అంది.

"మీకు రెండు దినాలు సెలవైతే నాకు రెండు దినాలు డబుల్ డ్యూటీ."

అతను పకపకా నవ్వాడు. ఆ మాటను తర్వాతి మీటింగులో తన భార్య జోకుగా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆ వీడియో ఆమె ఫోనుకు కూడా వచ్చింది.

మెంతికూర తుంచడం అయ్యాక మమతారాణి చేతులు దులుపుకుంది.

"సరే, తెల్లారకముందే రా. కూరలన్నీ చేసిపెట్టి గుడికి పో. వాళ్ళు తినేది మధ్యాహ్నమే కదా. ఆలోపల వచ్చి రొట్టెలు కొట్టు."

"దేవుడు మిమ్ముల సల్లగ సూస్తడమ్మా." మగ్దలేనమ్మ కుక్కరు బోర్లించి, తడిచేతులతోనే దండం పెట్టింది.

"పోయేముందు ఇంకోటి చూడు." మమతారాణి బీరువా తెరిచి, కాగితంలో చుట్టిన చీర తీసింది. చిలకపచ్చ చీర, ఎర్రంచు. "షారోన్‌కు. పెండ్లి నాడు ఇస్త. ఇప్పుడే చెప్పకు."

మగ్దలేనమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, చీరను ముట్టుకోకుండానే చూసింది.

శనివారం సాయంత్రం భానుప్రసాద్ ఫోను మాట్లాడుతూ ఇంట్లోకి వచ్చాడు. రాయమల్లుకు ఆదివారం మధ్యాహ్నం మంచిర్యాలలో ఇంకో మీటింగు పడింది. అందుకని భోజనం పొద్దున్నే. పదింటికల్లా పెడితే తిని వెళ్తారు.

"పదింటికి భోజనమేంది? మగ్దలేనమ్మ గుడికి పోతనన్నది. ఒప్పుకున్న."

"అయితే రేపు ఒప్పుకోకు. పెద్దాయన వస్తుంటే రొట్టె లేకుంట అన్నం పెడుదమా? నా పరువు ఏం కావాలె?"

"ఫోన్ చేసి చెప్పాలె మరి."

"చెప్తే వస్తదా?"

మమతారాణి ఆలోచించింది. చెప్తే రాదు. ఎవరో ఒకరిని పంపిస్తానని చెప్పి తప్పుకుంటుంది, లేదా జ్వరమంటుంది. ఆమె ఫోను తీయలేదు. పడుకునేముందు జొన్నపిండి జల్లెడ పట్టి పెట్టింది.

తెల్లవారకముందే మగ్దలేనమ్మ వచ్చింది. ఇస్త్రీ చేసిన నీలం చీరను ఒక సంచిలో పెట్టుకుని వచ్చి, పెరటి బాత్రూం తలుపు వెనక మేకుకు తగిలించింది. పొద్దెక్కేసరికి నాటుకోడి కూర దించింది, గుత్తొంకాయ పొయ్యి మీద మగ్గుతోంది, పచ్చిపులుసులో ఉల్లిగడ్డ పడింది. మనిషి హుషారుగా ఉంది. సన్నగా ఏదో పాట కూడా పాడుతోంది. మమతారాణి ఆ పాట విని వంటింటి గుమ్మంలో కాసేపు నిలబడి, మళ్ళీ వెళ్ళిపోయింది.

కూర ఉప్పు చూసి, గట్టు తుడిచి, మగ్దలేనమ్మ చేతులు కడుక్కుంది.

"ఎటు?"

"తానం జేసి పోతనమ్మా. బగారన్నం కుక్కర్ల ఉన్నది, ఆవిరి పోయినంక మూత తియ్యున్రి."

"వాళ్ళు ఇప్పుడే వస్తున్నరు. టైము మారింది."

మగ్దలేనమ్మకు అర్థం కాలేదు. "ఎవలు?"

"రాయమల్లు సారు వాళ్ళు. తినేది ఇప్పుడే. తిని మంచిర్యాల పోతరట."

"మరి నాకు నిన్ననే చెప్పకపోతిరమ్మా?"

"చెప్తే ఏం చేస్తుంటివి? రాకపోతుంటివి. అంతేగా?" మమతారాణి గొంతు పెంచలేదు. ఆమె ఎప్పుడూ గొంతు పెంచదు. "ఏం పరేషాన్ కాకు. మనిషికి రెండు రొట్టెలు కొట్టి పో. ఆటోల పోతే ఎంతసేపు? మీ పాస్టరు అయ్యగారు పాటలు పాడిపిచ్చేసరికే నువ్వు ఆడ ఉంటవు."

మగ్దలేనమ్మ బాత్రూం తలుపు వైపు చూసింది. తర్వాత పొయ్యి వైపు చూసింది. షారోన్‌ను పనిలో పెట్టిన మనిషి హాల్లో కుర్చీలు సర్దుతున్నాడు. ఆమె ఎసరు పెట్టింది.

జొన్నరొట్టెతో ఒక చిక్కుంది. ముందే చేసి పెడితే అట్టముక్కలా అవుతుంది. తినేవాళ్ళు కంచాల ముందు కూర్చున్నాకే మొదటి రొట్టె పడాలి. నీళ్ళు మరిగాయి. పిండి తడిపి ఉండ చేసింది. పీట మీద పొడిపిండి చల్లింది. వాళ్ళు వచ్చారు, కానీ కూర్చోలేదు. చాయ్ అడిగారు.

హాల్లో మాటలు వంటింట్లోకి స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"జనం ఏమంటున్నరో తెలుసా సార్?" అన్నాడు కైలాసం. అతను కమిటీలో కోశాధికారి, మనిషి హాస్యగాడు. "బ్యాంకోళ్ళు ఆరు దినాలు ఉంటేనే పని కాదు, ఐదు దినాలైతే పాసుబుక్కు మీద ధూళి కొట్టుడే అంటున్నరు."

"వాళ్ళకు అర్థం చేపియ్యాలె," అన్నాడు రాయమల్లు. బొంగురు గొంతు, నిదానంగా మాట్లాడే మనిషి. "ఒకదిక్కు కంపెనీల మాలికులు వారానికి డెబ్బై గంటలు చెయ్యాలె, తొంబై గంటలు చెయ్యాలె అంటున్నరు. ఇగ ఆ మనిషి బిడ్డల మొఖం ఎన్నడు చూడాలె? పెండ్లికి పోవాలన్నా, పేరంటానికి పోవాలన్నా సెలవు అడుక్కునుడేనా? మనం అడిగేది బిచ్చం కాదు. మన బతుకు మనకిమ్మంటున్నం."

"వాహ్!" అన్నాడు భానుప్రసాద్. "గిదే మాట రేపు మైకుల చెప్పాలె సార్."

మమతారాణి చాయ్ కప్పులు తీసుకెళ్ళింది. కైలాసం కప్పు అందుకుంటూ, "వదినా, ఐదు దినాలైతే మీకు పండుగే. మా భాను ఇంకో దినం ఇంట్లనే ఉంటడు" అన్నాడు.

"పండుగ మీకు, పిండివంటలు నాకు," అంది మమతారాణి. "నా సెలవు గురించి కూడ ఒక ధర్నా చెయ్యున్రి అన్నా."

అందరూ గట్టిగా నవ్వారు. రాయమల్లు అయితే తొడ చరుచుకున్నాడు. ఆమె నవ్వు ముఖం అలాగే పెట్టుకుని వంటింట్లోకి వచ్చింది. గుమ్మం దాటాక నవ్వు తీసేసింది.

"అమ్మా, కూసుంటున్నరా?" అంది మగ్దలేనమ్మ.

"నన్నడుగుతవేంది? పోయి వాళ్ళనడుగు."

చాలాసేపటికి కూర్చున్నారు. మగ్దలేనమ్మ మొదటి రొట్టె కొట్టింది. రెండు చేతులూ మోచేతుల దాకా పిండి. పెనం మీద వేయడం, తడిగుడ్డతో అద్దడం, తిప్పడం, అప్పటికే ఇంకో ఉండ పీట మీద. మమతారాణి ఒక్కో రొట్టే పళ్ళెంలో పట్టుకుని పరుగెత్తుతోంది. మనిషికి రెండు అనుకున్నది మూడైంది. "ఇంకోటి, ఇంకోటి" అని హాల్లోంచి అరుపులు.

గట్టు మీద మగ్దలేనమ్మ ఫోను మోగింది. తెర మీద షారోన్ పేరు. మగ్దలేనమ్మ పిండిచేతులతో అటు తిరిగేలోపు మమతారాణి ఫోను తీసి, "హలో" అంది.

"మేడం, అవ్వ ఏది? పాటలు అయిపోవస్తున్నయి. బోథ్ వాళ్ళు వచ్చి కూసున్నరు. రాకుంటే చెప్పున్రి మేడం, బాలవ్వమ్మ నిలబడుతనంటున్నది, అయ్యగారికి చెప్తం, వాళ్ళకూ ఒక మాట చెప్తం."

మమతారాణి పెనం మీద రొట్టె వైపు చూసింది. రాదని చెప్తే ఈ మనిషి ఇక్కడే ఏడుపు మొదలుపెడుతుంది. రొట్టెలు ఆగిపోతాయి. ఇంకో నాలుగైదు రొట్టెలు, అంతే కదా.

"బయల్దేరిందమ్మా. దారిల ఉన్నది," అని ఫోను పెట్టేసింది.

"ఏమంటున్నదమ్మా?"

"ఇంకా టైముందట. కానీ, కానీ, మాడుతున్నది."

మగ్దలేనమ్మ ఊపిరి పీల్చుకుని ఇంకో ఉండ తీసుకుంది.

రాయమల్లు చేయి కడుక్కోవడానికి లేచి, వంటింటి గుమ్మం దగ్గర ఆగాడు. "గీ రొట్టెలు కొట్టిన తల్లి ఎవరు? నీ చేతికి దండం అవ్వా. మా అవ్వ పోయినంక గిసొంటి రొట్టె తినలే."

మగ్దలేనమ్మ తల వంచింది. "సారూ, జర జల్ది పోవాలె సారూ. మా బిడ్డది..."

"వాళ్ళ బిడ్డకు పెండ్లి కుదిరింది సార్," అంది మమతారాణి.

"అరే, మంచి ముచ్చట! భానూ, ఒక ఫోటో తియ్యి. శ్రమ చేసే చేతులు అంటే గివి."

భానుప్రసాద్ ఫోను పైకెత్తాడు. రాయమల్లు ఆమె పక్కన నిలబడ్డాడు. రొట్టె పైకి పట్టుకోమన్నారు. పట్టుకుంది. నవ్వమన్నారు. నవ్వింది. పెనం మీద ఉన్నది మాడిపోయింది, దాని బదులు ఇంకోటి కొట్టింది. అప్పటికప్పుడే భానుప్రసాద్ ఆ ఫోటోను యూనియన్ గ్రూపులోనూ, బ్రాంచి గ్రూపులోనూ పెట్టాడు. కింద ఇలా రాశాడు: మా ఇంట్లో ఇప్పుడే, వేడివేడిగా. శ్రమకు విశ్రాంతి కావాలి. రేపటి ధర్నాకు తరలిరండి.

గుడిలో షారోన్ రెండో వరసలో కూర్చుని ఉంది. తల్లి దారిలో ఉందని ఆమె పాస్టరు చెవిలో చెప్పింది. అంబదాస్‌కు కూడా చెప్పింది. పాస్టరు మంచివాడు. పాటల తర్వాత చదవవలసిన ప్రకటనను ప్రసంగం తర్వాతికి జరిపాడు. ప్రసంగాన్ని కూడా కొంత సాగదీశాడు. సంఘంలో పెద్దదిక్కైన బాలవ్వ రెండుసార్లు లేచి గేటు దాకా వెళ్ళి చూసి వచ్చింది. అంబదాస్ మెడ తిప్పి వెనక తలుపు వైపు చూసి, పక్కనున్న తమ్ముడి భార్య కమలవ్వతో, "దారి శాన పొడుగున్నట్టున్నది" అన్నాడు. కమలవ్వ ఫిలిప్ తల్లి. ఆమె నవ్వలేదు.

షారోన్ ఒళ్ళో ఫోను వణికింది. తల్లేమో అని చూసింది. బ్రాంచి గ్రూపు. తల్లి రొట్టె పైకెత్తి పట్టుకుని నవ్వుతోంది. పక్కన ఎవరో లావుపాటి మనిషి. ఇప్పుడే, వేడివేడిగా.

ఆ పిల్ల ఫోటోను చాలాసేపు చూసింది. పక్కన కూర్చున్న చెల్లెలు రెబెకా కూడా చూసింది. వెనక వరసలోని ఎవరో మెడ చాచి చూశారు. ముందు వరసలోంచి అంబదాస్ కూడా తిరిగి ఆ తెర చూశాడు.

అప్పుడే పాస్టరు ఇక ఆగలేక కాగితం తీశాడు. "బోథ్ సంఘానికి చెందిన ఫిలిప్, మన సంఘానికి చెందిన షారోన్, వీరి వివాహమునకు ఇది మూడవ ప్రకటన. అభ్యంతరము గలవారు చెప్పవచ్చును." ఆగాడు. కళ్ళజోడు పైనుంచి చూశాడు. "పిల్ల తరఫువారు?"

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఎవరూ లేవలేదు. బాలవ్వ లేద్దామని బల్ల పట్టుకుంది, కానీ ముందుగా చెప్పకుండా లేవడం పద్ధతి కాదని తెలిసి అలాగే ఉండిపోయింది. అంబదాస్ ఈసారి పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చున్నాడు, ఎవరు లేస్తారో చూద్దామన్నట్టు.

షారోన్ లేచి నిలబడింది.

గుడిలో ఒక చిన్న శబ్దం పుట్టింది, అందరూ ఒకేసారి గాలి లోపలికి లాగినట్టు. ఆ సంఘంలో ఇంతవరకు ఏ పిల్లా తన పెళ్ళికి తానే లేచి నిలబడలేదు. "కూసో బిడ్డా, కూసో" అని బాలవ్వ కొంగు పట్టి లాగింది. షారోన్ కూర్చోలేదు. పాస్టరు ఏం చేయాలో తోచక ప్రార్థన మొదలుపెట్టాడు. ఆ ప్రార్థన అయ్యేదాకా ఆ పిల్ల అలాగే నిలబడి ఉంది.

మగ్దలేనమ్మ ఆటో దిగేసరికి ఆరాధన అయిపోయింది. గుడి ముందు వేసిన షామియానా కింద చాయ్ కప్పులు ఎవరూ తాగకుండా మీగడ కట్టి ఉన్నాయి. ఆమె నీలం చీర సగం కుచ్చిళ్ళతో, మోచేతుల మీద ఎండిన పిండితో గబగబా నడిచి వచ్చి, అంబదాస్ ముందు చేతులు జోడించింది.

"ఒడిసినయా వదినె రొట్టెలు?" అన్నాడు అంబదాస్.

ఆమెకు ఆ సంగతి ఇతనికి ఎలా తెలిసిందో అర్థం కాలేదు. "అన్నా, వాళ్ళింటికి మంది వచ్చిన్రు, విడిచిపెట్టలే. దారిల..."

"దారిల ఉన్నవని పొద్దటిసంది ఇంటున్నం. ఫోటోల నవ్వుతున్నవ్ గద, మేం కూడ సూసినం. నీ బిడ్డ కంటె నీకు దొరల రొట్టెలే ఎక్కువాయె. లేదు, పంపబుద్ధి కాకనే రాలేదంటే గది నిజం చెప్పు, మేమేం అనుకోం."

"అయ్యో, గట్ల కాదన్నా, నా మనసు..."

"నీ మనసు ఎవలకు కావాలె? నిలబడే నాడు నువ్వు లేవు. నిలబడొద్దన్న నాడు నీ బిడ్డ నిలబడ్డది."

కమలవ్వ కొడుకు చేయి పట్టుకుని లేచింది. "తల్లికి మనసు లేదు, పిల్లకు సిగ్గు లేదు. గీ ఇంటి పిల్లను తీస్కపోయి నేనేం జేసుకోవాలె? నడువు ఫిలిప్."

"కమలవ్వా, జర ఆగు, పిల్లగాని మాట కూడ ఇనాలె గదా," అంది బాలవ్వ.

అందరూ ఫిలిప్ వైపు చూశారు. షారోన్ కూడా చూసింది. అతను తన చెప్పుల వైపు చూసుకున్నాడు. చెప్పుల్లో ఏమీ లేదు. "అమ్మ ఎట్లంటే గట్ల" అన్నాడు, ఎవరికీ వినపడకపోతే బాగుండన్నంత చిన్నగా. అందరికీ వినపడింది.

వాళ్ళ వ్యాను వెళ్ళిపోయింది. షామియానా వాళ్ళు కుర్చీలు ఒకదానిలో ఒకటి వేసి పేరుస్తున్నారు. మగ్దలేనమ్మ కూతురు దగ్గరికి వచ్చి భుజం మీద చేయి వేయబోయింది. షారోన్ పక్కకు జరిగింది.

"పిండి అంటుతది."

"బిడ్డా, ఆమె ఇంకా టైముందన్నదే. నువ్వే చెప్పినవన్నది."

"నేను చెప్పలే. నువ్వు దారిల ఉన్నవని ఆమె నాకు చెప్పింది."

మగ్దలేనమ్మ కుర్చీ వెతుక్కుంది. కుర్చీలన్నీ పేర్చేశారు.

"నీకు కాళ్ళు లేవా అవ్వా? కట్టేసిన్రా నిన్ను? పీట ఇడిసిపెట్టి రావస్తలేదా?"

"నీ నౌకరి బిడ్డా. ఆ సారు మీదనే గద నీ నౌకరి..."

"నా నౌకరి పేరు తియ్యకు." షారోన్ ఏడవలేదు. ఏడ్చి ఉంటే మగ్దలేనమ్మకు కొంత నయంగా ఉండేది. "బాపు సచ్చినట్టే నువ్వు కూడ సచ్చినవని చెప్తే అయిపోతుండె. బాలవ్వమ్మ నిలబడుతుండె. అవ్వ లేని పిల్ల అని జాలి పడుతుండ్రి."

రెబెకా "అక్కా" అంది. షారోన్ చెప్పులు వేసుకుని ముందు నడిచింది. ఇల్లు చేరేదాకా ఆ ఇద్దరి మధ్య ఉన్న దూరం తగ్గలేదు.

సోమవారం మగ్దలేనమ్మ మామూలు వేళకే పనికి వచ్చింది. షారోన్ కూడా మామూలు వేళకే బ్యాంకుకు వెళ్ళింది. పర్మనెంటు వాళ్ళంతా ధర్నాకు పోతే, కౌంటర్ల దగ్గర ఏజెన్సీ పిల్లలే ఉండాలని మేనేజరు చెప్పాడు. వాళ్ళకు ఐదు దినాలూ లేవు, ఆరు దినాలూ లేవు, పిలిచినప్పుడల్లా రావడమే.

విషయం మమతారాణికి అప్పటికే తెలిసింది. ఆమె నిజంగానే నొచ్చుకుంది. మగ్దలేనమ్మకు తన చేత్తో చాయ్ పోసి ఇచ్చింది, రోజూ ఇచ్చే స్టీలు గ్లాసులో కాకుండా కప్పులో.

"గింత చిన్నదానికి పెండ్లి తప్పిస్తరా? ఏం మనుషులు! పోనియ్యి. ఇసొంటి వాళ్ళింట్ల పడితే బతుకంతా ఏడుపే. ఒక రకంగ మంచిదే అయింది."

మగ్దలేనమ్మ కప్పు పట్టుకుని కింద కూర్చుంది. "అమ్మా, నేను బయల్దేరిన్నని చెప్పిన్రట షారోన్‌కు."

"ఆ చెప్పిన. పిల్ల గాబరా పడుతుంటే ఏం చెయ్యాలె? ధైర్యం చెప్పిన." మమతారాణి గొంతులో తడబాటు లేదు. "ఇంకో నాలుగు రొట్టెలకు పంపిస్తనే ఉంటి. ఆ ఫోటో పెట్టకపోతే ఏ గొడవా లేకపోవు. మా ఆయనకు ఏది ఎక్కడ పెట్టాల్నో తెలువది. తిట్టిన నేను."

మగ్దలేనమ్మ చాయ్ తాగి, కప్పు కడిగి, గట్టు మీద బోర్లించింది.

మమతారాణి లోపలికి వెళ్ళి బీరువా తెరిచింది. చిలకపచ్చ చీర పైనే ఉంది. దాన్ని బయటికి తీసి, కాగితం విప్పి, ఒకసారి అంచు చూసి, మళ్ళీ మడతపెట్టింది.

"ఇది ఇప్పుడు ఇస్తే ఆ పిల్ల మనసు ఇంకా ఖరాబైతది," అంది, వంటింట్లోకి వినపడేలా. "ఎన్నడన్న మల్ల కుదిరితే చూద్దాం." చీర లోపల పెట్టి బీరువా తాళం వేసింది. అది వచ్చే నెలలో ఆడపడుచు కూతురికి పనికొస్తుందని తాళం తిప్పుతున్నప్పుడే ఆమెకు తట్టింది.

మధ్యాహ్నం భానుప్రసాద్ ఫోను చేశాడు. వెనక నినాదాలు వినిపిస్తున్నాయి. ధర్నా బ్రహ్మాండంగా జరిగిందట. రొట్టెల ఫోటో రాష్ట్రమంతా తిరుగుతోందట. రాయమల్లు సారు అందరికీ చెప్తున్నాడట. వచ్చే ఆదివారం నిజామాబాద్ వాళ్ళు కూడా వస్తామంటున్నారట.

"మల్ల ఆదివారమేనా? నాకు ఒక్క దినమన్న..." అంది మమతారాణి.

అతను అప్పటికే ఫోను పెట్టేశాడు.

ఆమె ఫోను చేతిలో పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. మగ్దలేనమ్మ పెద్ద కుక్కరు ముందేసుకుని పీచు తిప్పుతోంది.

"వచ్చే ఆదివారం కూడ తెల్లారకముందే రావాలె," అంది మమతారాణి. చాలా మెత్తగా, "ఇగ నీకు ఆదివారాలు ఖాళీయే కదా?" అంది.

పీచు ఆగలేదు. కుక్కరు అడుగున మాడిన చోట ఒకటి ఉంది, దాన్నే మగ్దలేనమ్మ గట్టిగా రుద్దుతోంది. అది పోయాక నీళ్ళతో కడిగి, గట్టు మీద బోర్లించింది.

"ఎందరొస్తరమ్మా?" అని అడిగింది.